పుట్టుకతో వచ్చిన ప్రేరణలు: ఎంతవరకు మన చేతిలో ఉంటాయి, ఎక్కడ ఉండవు

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనే మాట విననివాళ్ళు ఉండరు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి గురించి, తిండి దగ్గర ఆగలేని మనిషి గురించి, పొద్దస్తమానం ఫోన్ చూసే మనిషి గురించి చివరికి ఈ మాటే అనేసి ఊరుకుంటాం. "గట్టిగా అనుకుంటే ఆగలేవా, మనసుంటే మార్గం ఉంటుంది" అనేవాళ్ళూ అంతే మంది ఉంటారు. పరిణామం, మెదడు అంటూ ఈ మధ్య తిరుగుతున్న చిన్న చిన్న వీడియోలు ఈ రెండిటినీ ఇంకా కలగాపులగం చేసేశాయి. ఒకటేమో "మీ మెదడు ఇంకా అడవిలోనే ఉంది, మీరేం చేయగలరు" అంటుంది, దాని కిందే ఇంకొకటి "ఇరవై ఒక్క రోజుల్లో మెదడును మార్చేసుకోండి" అంటుంది.

వీటిలో ఏది నిజం అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. వారసత్వంగా మనకు వచ్చేది ఏంటి, రానిది ఏంటి అనేది ముందు విడదీసుకోవాలి. అది విడిపోతే, ఒక ప్రేరణను ఎక్కడ పట్టుకోవడం కుదురుతుందో, ఎక్కడ ఎంత పంతం పట్టినా కుదరదో దానంతట అదే తెలుస్తుంది.

రిఫ్లెక్స్, సహజాతం, ప్రేరణ, అలవాటు: నాలుగూ ఒకటి కావు

అప్పుడే పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటుంది. బుగ్గకు ఏదైనా తగిలితే అటు తల తిప్పి నోరు తెరుస్తుంది. తల ఒక్కసారిగా వెనక్కి వాలినట్టు అనిపిస్తే రెండు చేతులూ బార్లా చాచి మళ్ళీ దగ్గరకు ముడుచుకుంటుంది, దీన్ని వివరించిన పిల్లల వైద్యుడు ఎర్నెస్ట్ మోరో పేరుతో దీనికి మోరో రిఫ్లెక్స్ అని పేరొచ్చింది. ఇవి రిఫ్లెక్స్‌లు, అంటే స్కూలు పుస్తకాల్లో చదువుకున్న అసంకల్పిత ప్రతీకార చర్యలు. నేర్చుకునేది ఏమీ లేదు, ఆలోచన పనిలేదు, ఒక తాకిడికి ఒక కదలిక, అంతే. వీటిలో చాలావరకు ఆరు నెలలు వచ్చేసరికి వాటంతట అవే పోతాయి.

సహజాతం (ఇన్‌స్టింక్ట్) ఇంకాస్త పెద్దది. ఒకే కదలిక కాదు, ఒక వరస. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన కోన్రాడ్ లోరెంజ్, నికో టింబర్గెన్ 1938లో ప్రచురించిన బాతు ఉదాహరణ దీనికి అందరూ చెప్పేది. అడవి బాతు గూట్లో కూర్చుని ఉంటుంది, ఒక గుడ్డు బయటకు దొర్లిపోతుంది. అది మెడ సాచి, ముక్కు కింది భాగాన్ని గుడ్డుకు అవతలగా పెట్టి, మెల్లగా తనవైపు దొర్లించుకుంటుంది. మధ్యలో మనం గుడ్డు తీసేస్తే? మెడ మాత్రం లేని గుడ్డును లాక్కుంటూ గూటి దాకా వస్తుంది. ఒకసారి మొదలైతే చివరిదాకా నడిచే వరస అది. (ఈ ఇద్దరికీ, తేనెటీగల మీద పనిచేసిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కీ కలిపి 1973లో నోబెల్ ఇచ్చారు.)

మనుషుల్లో ఇలా మొదలుపెడితే ఆగని వరసలు దాదాపు లేవు. మనకున్నది ఎక్కువగా ప్రేరణ, అంటే "ఇది ఇప్పుడే చెయ్" అని లోపలి నుంచి వచ్చే తోపు. తిట్టాలనిపించడం, తినాలనిపించడం, పారిపోవాలనిపించడం, చూడాలనిపించడం. అనిపించడానికీ చేయడానికీ మధ్య చిన్నదో పెద్దదో ఒక ఎడం ఉంటుంది, ఆ ఎడమే ఈ వ్యాసమంతా.

ఇక అలవాటు అనేది పుట్టుకతో వచ్చింది కాదు, చేసీ చేసీ వచ్చింది. కానీ బాగా పాతుకుపోయిన అలవాటు లోపలి నుంచి చూస్తే సహజాతం లాగానే అనిపిస్తుంది. "నాది పుట్టుబుద్ధి" అని మనం అనుకునే వాటిలో చాలా వాటి దగ్గర ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి.

వారసత్వంగా వచ్చేది పని కాదు, మొగ్గు

డార్విన్ తన మీద తాను చేసుకున్న ఒక పరీక్షను 1872లో ప్రచురించాడు. లండన్ జూలో పఫ్ ఆడర్ అనే విషసర్పం ముందు, మందపాటి అద్దానికి దగ్గరగా ముఖం పెట్టి నిలబడ్డాడు. పాము కాటు వేయబోయినా వెనక్కి జరగకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాడు. పాము దూకింది. ఆయన నిర్ణయం ఎటు పోయిందో తెలియదు, గజమో రెండు గజాలో వెనక్కి ఎగిరి పడ్డాడు. అద్దం ఉందని తెలుసు, ప్రమాదం లేదని తెలుసు, ముందే సిద్ధంగా ఉన్నాడు, అయినా లాభం లేకపోయింది. జీవితంలో అంతకుముందు పాము కాటు అనుభవమే లేని మనిషి.

ఇది చదివితే "చూశారా, పాము భయం రక్తంలోనే ఉంది" అనిపిస్తుంది. ఇక్కడే ఆగి చూడాలి. సుసాన్ మినెకా అనే మనస్తత్వవేత్త 1980లలో కోతుల మీద చేసిన పని ఈ ఆలోచనను చాలా అందంగా సరిచేస్తుంది. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన రీసస్ కోతులకు పాములంటే భయం లేదు. అడవిలో పుట్టినవాటికి మాత్రం చచ్చేంత భయం. భయం రక్తంలోనే ఉంటే రెండిటికీ ఉండాలి కదా. అయితే ల్యాబ్ కోతికి, అడవి కోతి పామును చూసి బెదిరిపోవడం చూపిస్తే, కొద్దిసేపటిలోనే దానికీ భయం అంటుకుంది. ఆ తర్వాత వీడియోను మార్చి, అదే కోతి పూలను చూసి బెదిరిపోతున్నట్టు చూపించారు. బెదురు అదే, కోతి అదే, మారింది పాము స్థానంలో పువ్వు మాత్రమే. పూల భయం మాత్రం ఎవరికీ అంటుకోలేదు.

అంటే వారసత్వంగా వచ్చింది భయం కాదు. పాము భయాన్ని ఇట్టే నేర్చేసుకునే సంసిద్ధత. పువ్వు విషయంలో ఆ సంసిద్ధత లేదు.

జాన్ గార్సియా 1966లో ఎలుకల మీద చూసింది కూడా ఇదే దారిలో ఉంటుంది. ఎలుకలు తీపి నీళ్ళు తాగుతుంటే ఒక లైటు వెలిగేది, టక్కుమని చప్పుడు వచ్చేది. తర్వాత కొన్నిటికి కడుపులో వికారం కలిగించారు, కొన్నిటికి కరెంటు షాక్ ఇచ్చారు. వికారం వచ్చినవి తీపి రుచికి దూరమయ్యాయి, లైటునూ చప్పుడునూ పట్టించుకోలేదు. షాక్ తిన్నవి లైటుకూ చప్పుడుకూ భయపడ్డాయి, తీపి మీద అనుమానమే రాలేదు. కడుపు పాడైతే తిన్నదాన్ని, ఒంటికి దెబ్బ తగిలితే చూసినదాన్ని విన్నదాన్ని అనుమానించే మొగ్గు ముందే ఉంది.

రెండోవైపు నుంచి కూడా చూడాలి, లేకపోతే న్యాయం కాదు. జింగ్ యాంగ్ కువో అనే చైనా శాస్త్రవేత్త సహజాతం అనే ఆలోచననే గట్టిగా ప్రశ్నించాడు. పిల్లి ఎలుకను చంపడం పుట్టుబుద్ధి అని అందరూ అనుకుంటున్న కాలంలో ఆయన పిల్లికూనలను రకరకాలుగా పెంచాడు. ఎలుకలను చంపే తల్లిని చూస్తూ పెరిగిన కూనల్లో దాదాపు అన్నీ చంపాయి. ఒంటరిగా పెరిగినవాటిలో సగానికి దగ్గరగా చంపాయి. ఎలుకతో ఒకే బోనులో కలిసి పెరిగినవాటిలో చాలా కొద్దిగా మాత్రమే ఆ పని చేశాయి. 1930లో ఈ ఫలితాలు వచ్చేనాటికే అంతకుముందు పదేళ్ళుగా మనస్తత్వశాస్త్రంలో ఒక పెద్ద గొడవ నడుస్తోంది: మనిషి చేసే ప్రతి పనికీ ఒక సహజాతం పేరు పెట్టేసి, అదే వివరణ అనుకోవడం ఏమిటని. ఆ విమర్శ ఇప్పటికీ చెల్లుతుంది. "అతను ఎందుకు కొట్లాడతాడు? కొట్లాట సహజాతం ఉంది కాబట్టి" అంటే మనం ఏమీ చెప్పనట్టే.

నా లెక్కలో ఈ వాదనలో ఎవరూ పూర్తిగా ఓడిపోలేదు. కువో పిల్లుల్లో ఒంటరిగా పెరిగినవి కూడా కొన్ని చంపాయి. మినెకా కోతుల్లో చూపించేవాళ్ళు లేకపోతే భయమే రాలేదు. మొగ్గు ఉంది, దాన్ని పెంచేదో తుంచేదో చుట్టూ ఉన్న బతుకు.

పాత శరీరం, కొత్త పరిసరాలు

మన జాతి మనుషులు భూమి మీదకు వచ్చి దాదాపు 3 లక్షల ఏళ్ళు. వ్యవసాయం మొదలై సుమారు 12 వేల ఏళ్ళు. చేతిలో స్మార్ట్‌ఫోన్ జనానికి అలవాటై ఇంకా ఇరవై ఏళ్ళు కూడా గట్టిగా నిండలేదు. మన మొగ్గులు తయారైన పరిస్థితులు వేరు, అవి ఇప్పుడు పనిచేయాల్సి వస్తున్న పరిస్థితులు వేరు, తేడా అక్కడే కొడుతోంది అనేది పరిణామ మనస్తత్వశాస్త్రం చెప్పే ముఖ్యమైన మాట.

టింబర్గెన్ దీనికి పనికొచ్చే ఇంకో సంగతి చూపించాడు. ఆయిస్టర్‌క్యాచర్ అనే సముద్రతీర పక్షి ముందు దాని సొంత గుడ్డునూ, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నకిలీ గుడ్డునూ పెడితే అది నకిలీదాన్నే పొదగడానికి తంటాలు పడుతుంది. గుడ్డు పెద్దగా ఉంటే మంచిది అనే మొగ్గు ఉంది గానీ, "మరీ ఇంత పెద్దదా" అని ఆపే ఏర్పాటు లేదు, ఎందుకంటే ప్రకృతిలో అంత గుడ్డు ఎప్పుడూ ఎదురుకాలేదు.

తీపి సంగతి చూడండి. పుట్టి కొన్ని గంటలైనా కాని పిల్లల నాలుక మీద తీపి చుక్క వేస్తే ముఖం విప్పారుతుంది, చేదు వేస్తే ముడుచుకుంటుంది. తీపి అంటే శక్తి, చేదు అంటే విషం కావచ్చు అనే పాత లెక్క ఇది. తీపి దొరకడమే అరుదైన చోట ఇది ప్రాణం నిలిపే లెక్క. దొరికినప్పుడల్లా తినేయమనే ఆ తోపే, తీపి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే చోట బరువుగా మారుతుంది.

దీని మీద బాగా కట్టుదిట్టంగా జరిగిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించింది. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని ఆహారం ఇచ్చారు. ముందుపెట్టిన భోజనంలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉండేట్టు చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన ఆహారం ఉన్న రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. మనుషులు అవే, వాళ్ళ నిగ్రహం అదే. ముందున్న పళ్ళెం మారింది.

ఫోన్‌ది కూడా కొంతవరకు ఇలాంటిదే, ఇక్కడ రెండు పాత సంగతులు కలిసి పనిచేస్తాయి. గుంపులో మన గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలనే ఆత్రం మనిషికి చాలా పాతది, గుంపు వెలివేస్తే బతుకు కష్టమైన కాలం నాటిది. రెండోది స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాల దగ్గర చూసింది: బిళ్ళను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే ఒక పద్ధతిలో పొడుస్తాయి, ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే మాత్రం ఆపకుండా పొడుస్తూనే ఉంటాయి. ఫోన్ తీసిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉండదు, ఎప్పుడో ఒకసారి ఉంటుంది. అందుకే చేయి మాటిమాటికీ అటు పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. "మన పూర్వీకులు ఇలా బతికారు కాబట్టి మనం ఇలా చేస్తున్నాం" అనే కథలు అల్లడం చాలా తేలిక, పరీక్షించడం చాలా కష్టం. స్టీఫెన్ జే గూల్డ్, రిచర్డ్ లెవాంటిన్ అనే జీవశాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని గట్టిగా ఎత్తిచూపారు: శరీరంలో, ప్రవర్తనలో కనిపించే ప్రతిదీ ఏదో ఒక లాభం కోసమే ఏర్పడి ఉండాలని ఏమీ లేదు, కొన్ని వేరేదానికి పక్కఫలంగా వచ్చి ఉండొచ్చు. పైగా పరిణామం రాతియుగంలో ఆగిపోలేదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి కొన్ని జనసమూహాల్లో గత 10 వేల ఏళ్ళలోనే విస్తరించింది. తీపి లాంటి వాటి దగ్గర, పసిపిల్లల్లోనూ జంతువుల్లోనూ ఒకే ఆధారం దొరుకుతుంది కాబట్టి వాదన గట్టిగా నిలబడుతుంది. "ఆడవాళ్ళు అందుకే ఇలా షాపింగ్ చేస్తారు, మగవాళ్ళు అందుకే దారి అడగరు" లాంటివాటి దగ్గరకు వచ్చేసరికి ఆధారం పలచబడిపోయి కథ మాత్రమే మిగులుతుంది.

"బల్లి మెదడు" అనే మాటతో వచ్చిన చిక్కు

మెదడులో అడుగున బల్లి మెదడు, దాని మీద భావాల మెదడు, పైన ఆలోచించే మెదడు అని మూడు అంతస్తుల బొమ్మ మీరు చూసే ఉంటారు. 1960లలో పాల్ మెక్లీన్ అనే శాస్త్రవేత్త ముందుకు తెచ్చిన నమూనా ఇది. చెప్పడానికి చాలా బాగుంటుంది, అందుకే ఇంకా తిరుగుతోంది. కానీ మెదడు పరిణామాన్ని చదివేవాళ్ళు దీన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు. మెదడు పాతదాని మీద కొత్తది పేర్చుకుంటూ రాలేదు, వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలోనూ ముఖ్యమైన భాగాలన్నీ ఏదో ఒక రూపంలో ఉన్నాయి, జాతిని బట్టి వాటి పరిమాణం, అల్లిక మారాయి.

ఇది పండితులు మాత్రమే పట్టించుకోవాల్సిన సంగతి కాదు. ఆ బొమ్మను నమ్మితే మనలో ఒక జంతువూ దాన్ని అదుపు చేసే ఒక యజమానీ ఉన్నట్టు, ఇద్దరి మధ్య యుద్ధం నడుస్తున్నట్టు అనిపిస్తుంది, ఓడిపోయిన ప్రతిసారీ మన మీద మనకే అసహ్యం వేస్తుంది. జరిగేది అది కాదు.

అమిగ్డాలా అనే భాగాన్ని "భయం కేంద్రం" అనడం కూడా ఇలాంటిదే. జోసెఫ్ లెడూ అనే మెదడు శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, ప్రమాద సంకేతం మెదడు పైభాగం దాకా పోకముందే ఒక దగ్గరిదారిలో అమిగ్డాలాకు చేరి శరీరాన్ని సిద్ధం చేస్తుందని తేలింది. డార్విన్ ఎగిరిపడ్డదాన్ని అర్థం చేసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ అదే లెడూ తర్వాత తర్వాత, అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని కదిలిస్తుందే గానీ "నాకు భయంగా ఉంది" అనే అనుభవం అక్కడ తయారవదు, రెండిటినీ ఒకటిగా చెప్పకండి అని మళ్ళీ మళ్ళీ రాశాడు. రెండువైపులా అమిగ్డాలా దెబ్బతిని, పాములను చూసినా భయపడని ఒక రోగి పరిశోధకులకు బాగా తెలుసు. ఆమెతో, అదే సమస్య ఉన్న మరో ఇద్దరితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిపిన గాలి పీల్పించినప్పుడు ముగ్గురూ తీవ్రమైన భయంతో అల్లాడిపోయారని 2013లో ప్రచురించారు. ఊపిరాడని భయానికి దారి వేరే ఉందన్నమాట.

ఇంకా లోపలికి పోతే పండితులే రెండుగా చీలి ఉన్నారు. కోపం, భయం లాంటి వాటికి పుట్టుకతోనే విడివిడి సర్క్యూట్లు ఉన్నాయని జాక్ పాంక్‌సెప్ లాంటివాళ్ళ వాదన, జంతువుల మెదడు లోపలి భాగాల్లో సన్నని కరెంటు ఇస్తే ఆయా ప్రవర్తనలు బయటపడడం దానికి ఆధారం. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటివాళ్ళు ఒప్పుకోరు: శరీరంలో గుండెదడ, బిగుతు లాంటివి వస్తాయి, వాటిని మెదడు పాత అనుభవాన్నీ సందర్భాన్నీ బట్టి "ఇది కోపం", "ఇది టెన్షన్" అని అక్కడికక్కడ కడుతుంది అంటారు. ఈ తగువు ఇంకా తేలలేదు. రోజువారీ ప్రేరణల వరకు మాత్రం ఇద్దరి మాటా ఒకచోట కలుస్తుంది: శరీరం ముందు కదులుతుంది, దానికి మనం ఇచ్చే అర్థం తర్వాతి కథను మారుస్తుంది.

ఒక కోపం, మొదటి నుంచి చివరి దాకా

ఇదంతా ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. పదిహేనుమంది ఉన్న ఆఫీసు గ్రూపులో ఒక సహోద్యోగి మీరు పంపిన ఫైలు కింద "ఇది కూడా చూసుకోలేదా?" అని పెట్టాడు. చదివిన క్షణంలోనే చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, బొటనవేలు కీబోర్డు మీదకు పోతుంది. జవాబు సగం టైపు కూడా అయిపోయింది, వేలు పంపే బటన్ మీద ఉంది.

చెవులు వేడెక్కడం దాకా మీ చేతిలో లేదు. వాల్టర్ కానన్ 1915లో వివరించిన "పోరాడు లేదా పారిపో" స్పందన అది: అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. మీదకు దూకే ప్రత్యర్థి కోసం సిద్ధం చేసిన శరీరం, తెర మీది ఒక వాక్యం ముందు కూర్చుని ఉంది. పదిహేనుమంది చూస్తున్నారు అన్నది ఇక్కడ అసలు కారణం. అదే మాట విడిగా పంపి ఉంటే ఇంత మంట ఉండేది కాదు, పరువు గుంపు ముందు పోతుంది కాబట్టి.

జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త 1998లో ఇలాంటి సందర్భాన్ని దశలుగా విడదీశాడు: సందర్భం, దానిలో మన చూపు పడిన చోటు, మనం ఇచ్చిన అర్థం, ఆ తర్వాత వచ్చే స్పందన. మనం సాధారణంగా చివరి దశలో, అన్నీ మండిపోయాక, ముఖం మామూలుగా పెట్టి కోపాన్ని మింగడానికి చూస్తాం. గ్రాస్ ప్రయోగాల్లో తేలిందేమిటంటే, అలా అణిచిపెట్టినప్పుడు బయటకు కనిపించడం తగ్గుతుంది గానీ లోపలి బాధ తగ్గదు, శరీరంలో ఒత్తిడి సూచనలు పెరుగుతాయి కూడా. అర్థం దగ్గరే మార్చినవాళ్ళకు, అంటే "నన్ను అవమానించాడు" అనేదాన్ని "తొందరలో ఉండి మొరటుగా రాశాడేమో" అని చూడగలిగినవాళ్ళకు, లోపల కూడా నిజంగానే తగ్గుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. అతను నిజంగానే కావాలని అవమానిస్తూ ఉంటే, ప్రతిసారీ మంచి అర్థం వెతుక్కోవడం ఓర్పు అనిపించుకోదు, మోసపోవడం అవుతుంది. కోపం కూడా ఒక సమాచారమే.

మరి కక్కేస్తే పోతుందా? మనసులోది బయట పెట్టేస్తే తేలికవుతుందని, దిండును గుద్దితే కోపం దిగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వవేత్త 2002లో 600 మంది కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించాడు. వాళ్ళు రాసిన వ్యాసాన్ని ఎవరో ఘోరంగా విమర్శించినట్టు చూపించి కోపం తెప్పించి, కొందరిని ఆ మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దమన్నాడు, కొందరిని వ్యాయామం అనుకుంటూ గుద్దమన్నాడు, కొందరిని ఊరికే కూర్చోమన్నాడు. తలుచుకుంటూ గుద్దినవాళ్ళకే కోపం అందరికన్నా ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళు అందరికన్నా తక్కువ దురుసుగా ప్రవర్తించారు. 154 అధ్యయనాలను కలిపి చూసిన 2024 నాటి సమీక్ష కూడా ఇదే వైపు చూపింది: శరీరాన్ని నెమ్మదింపజేసే పనులు (నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం లాంటివి) కోపాన్ని తగ్గించాయి, శరీరాన్ని ఇంకా ఉరకలెత్తించేవి మొత్తం మీద తగ్గించలేదు. మంట మీద గాలి ఊదినట్టే అది.

కాబట్టి ఆ గ్రూపు సందర్భంలో బటన్ మీది వేలు అరగంట ఆగితే మారేది మీ గుణం కాదు. అడ్రినలిన్ దిగుతుంది, "అవమానం" అనే ఒక్క అర్థం పక్కన ఇంకో రెండు అర్థాలకు చోటు దొరుకుతుంది. అప్పుడు కూడా ఘాటుగానే జవాబివ్వాలనిపించవచ్చు. ఆ జవాబు రాసే మనిషి వేరు.

"సహజం" అంటే "సరైనది" అనీ కాదు, "నా తప్పు లేదు" అనీ కాదు

ఒకటి పుట్టుకతో వచ్చిందని తేలినంత మాత్రాన అది మంచిదని తేలదు. అసూయ సహజమే, గుంపు బయటివాళ్ళను అనుమానించడమూ సహజమే. జాలి, పంచుకోవడం, ఏడ్చే బిడ్డ వైపు మనసు లాగడం కూడా అంతే సహజం, కానీ ఎందుకో "నేచర్" అనే మాట చెడ్డపనికి సాకుగా వచ్చినంతగా మంచిపనికి రాదు. తోపు రావడానికి మనిషి బాధ్యుడు కాకపోవచ్చు, దాని వెంట పోవడానికి బాధ్యుడే, దాదాపు అన్ని సమాజాల న్యాయమూ ఈ గీత దగ్గరే నిలబడుతుంది. ఆ గీత అందరికీ ఒకేచోట ఉండదు. ప్రేరణలను ఆపడంలో ముఖ్యపాత్ర ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ (నుదుటి వెనక ఉండే మెదడు భాగం) ఇరవైల మధ్య వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్నవాళ్ళకు ఆగడం మిగతావాళ్ళకన్నా నిజంగానే కష్టం. నిద్ర చాలని మనిషికీ, మందు తాగిన మనిషికీ అదే మనిషి మామూలుగా ఉన్నప్పటి నిగ్రహం ఉండదు.

నిగ్రహం ఉన్నవాళ్ళు ఏం చేస్తారు?

నిగ్రహం అంటే కండ లాంటిదని, వాడితే అలసిపోతుందని 1998లో రాయ్ బామైస్టర్ బృందం ప్రతిపాదించింది. ఎదురుగా ఘుమఘుమలాడే బిస్కెట్లు పెట్టి వాటిని ముట్టుకోకుండా ముల్లంగి తినమంటే, ఆ తర్వాత ఇచ్చిన పజిల్‌ను వాళ్ళు త్వరగా వదిలేశారు. చాలా పేరొచ్చిన సిద్ధాంతం. 2016లో 23 ల్యాబులు కలిసి, 2 వేలకు పైగా మందితో ఇదే ఆలోచనను వేరే పనితో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. ఆ పరీక్షలో వాడిన పని సరైనది కాదని సిద్ధాంతకర్తలు వాదించారు, వాదన ఇంకా నడుస్తోంది, కానీ ముందున్నంత ధీమా ఎవరికీ లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్, బామైస్టర్ వాళ్ళు జర్మనీలో 205 మందితో చేసింది. రోజులో అనుకోని వేళల్లో వాళ్ళను కదిలించి "ఇప్పుడు మీకు ఏమైనా చేయాలనిపిస్తోందా, అది వద్దనుకుంటున్నారా, ఆగుతున్నారా" అని అడిగారు. నిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్ళు కోరికతో ఎక్కువగా పోరాడుతుంటారని అనుకుంటాం. తేలింది దానికి సరిగ్గా వ్యతిరేకం. వాళ్ళకు అలాంటి పెనుగులాటలే తక్కువ. వాళ్ళ రోజు అమరిన తీరులోనే ఆ పెనుగులాటలు తక్కువగా ఎదురవుతున్నాయి. హాల్ ప్రయోగంలో పళ్ళెం మారితే తిండి మారినట్టే ఇదీ.

ముందుగా "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని నిర్దిష్టంగా అనుకుని పెట్టుకోవడం మీద పీటర్ గోల్‌విట్జర్ చేసిన పని కూడా ఇక్కడికే చేరుతుంది. "ఇకనుంచి కోపం తగ్గించుకుంటాను" అనేది కోరిక. "గ్రూపులో నన్ను ఎవరైనా ఏమైనా అంటే, ఫోన్ బల్ల మీద పెట్టి లేచి నీళ్ళు తాగుతాను" అనేది ఏర్పాటు. 94 అధ్యయనాలను కలిపి చూసిన 2006 సమీక్షలో రెండో రకానికి చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించింది. ఎందుకంటే వేడిలో ఆలోచించాల్సిన అవసరాన్ని అది తప్పిస్తుంది, సందర్భమే పనిని గుర్తుచేస్తుంది.

ఇక వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో పరీక్ష గురించి మీరు వినే ఉంటారు: తీపి మిఠాయి ముందు పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పి పిల్లలను గదిలో వదిలేయడం. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారని చెప్పేవాళ్ళు. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్ళీ చూస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. మిషెల్ అసలు చూపించినది మాత్రం నిలబడే ఉంది: ఆగిన పిల్లలు మిఠాయిని కళ్ళార్పకుండా చూస్తూ పళ్ళు బిగించి ఆగలేదు, కళ్ళు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు, అది మబ్బుతునక అనుకోమని చెప్పినప్పుడు కూడా ఎక్కువసేపు ఆగారు.

దీనికి 2013లో సెలెస్ట్ కిడ్ బృందం ఒక చిన్న మార్పు చేసింది. పరీక్షకు ముందే పిల్లలకు బొమ్మలు వేసుకోవడానికి ఇంకా మంచి రంగులు తెస్తానని ఒక పెద్దమనిషి చెప్పి వెళ్ళాడు. కొందరికి చెప్పినట్టే తెచ్చాడు, కొందరి దగ్గరకు ఒట్టి చేతులతో వచ్చి, లేవు అన్నాడు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. ఆ 3 నిమిషాల పిల్లలను బయటి నుంచి చూస్తే నిగ్రహం లేనివాళ్ళనే అంటాం. వాళ్ళ వైపు నుంచి చూస్తే, వస్తుందో రాదో తెలియని రెండో మిఠాయి కోసం చేతిలో ఉన్నదాన్ని వదులుకోకపోవడం లెక్క తెలిసిన పనే.